ఖాళీ బరువు

మూత విప్పగానే చీమకుర్తి కనిపించింది.
ఫ్యాను రెక్కల మీద, మదర్‌బోర్డు సందుల్లో
పదిహేనేళ్ళ రాతిపొడి
మళ్ళీ కొండ కావాలని చూస్తోంది.
బ్రష్షుతో దులుపుతుంటే
వెంగమాంబక్క ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని
"మా లోపల కూడా ఇట్టనే ఉంటదేమో కాలేషా" అంది.
నవ్వాను. నవ్వాక దగ్గాను.

వేబ్రిడ్జి గది బయట ఏడు లారీలు,
లారీకొక్క నల్లరాయి.
పొద్దున్నే విండోస్ పోయింది.
కొత్త కంప్యూటరు మాటెత్తితే ఓనరు
"ఉన్నదాన్నే ఏదోటి చెయ్యవయ్యా" అని ఫోను పెట్టేశాడు.
అందుకే నా జేబులో పెన్‌డ్రైవు, దాన్నిండా లినక్స్.

గడపలో నిలబడ్డ చుట్టాన్ని
ఎవరో అన్నట్టు చూసింది దాన్ని ఆ ముసలి పెట్టె.
సరే, సీడీ కావాలి.
ఖాళీ సీడీ ఈ రోజుల్లో ఎవడమ్ముతాడు?
పెళ్ళి వీడియోల సుభానీ అటకెక్కి ఓ డబ్బా దించాడు.

సీడీ గిర్రున తిరిగి ఒక్క మాట చెప్పింది:
నాకు అరవై నాలుగు బిట్లు కావాలి, నీ దగ్గర ముప్పై రెండే.
తప్పు నాదే.
సందు చివరి ఆరెంపీ డాక్టరైనా
మందిచ్చే ముందు వయసడుగుతాడు.

పాతకాలపు లినక్స్ ఇంకోటి ఎక్కిస్తే
నలభై ఒక్క శాతం దగ్గర నిలిచిపోయింది.
కీబోర్డు మీద దీపాలు కొట్టుకుంటున్నాయి.
కెర్నల్ పానిక్.
"అంటే?"
"కంగారక్కా."
"కంగారు దానికెందుకు, లారీలోళ్ళకుండాల గానీ."

కిటికీలోంచి మాలకొండయ్య తల:
"కృష్ణపట్నం పోవాలబ్బాయ్, ఓడ నాకోసం ఆగదు.
బండైతే తోసి స్టార్టు చేస్తాం, దీన్ని తొయ్యకూడదా?"

ర్యాం ముక్కలు రెండూ ఊడదీశాను.
అక్క కొడుకు రబ్బరుతో రుద్దితే
రబ్బరుకి నలుపంటింది, ముక్క అంచున బంగారం తేలింది.
ఒకటి మంచిది. రెండోది పోయింది.
ఒక్కదాంతో సర్దుకోమన్నాను.

కరెంటు తీసిన ప్రతిసారీ అది
రెండువేల నాలుగు జనవరి ఒకటికి పారిపోతోంది.
అప్పుడు నేను తొమ్మిది ఫెయిలు.
నాకైతే అక్కడికి మళ్ళీ పోవాలని లేదు.
షరాబు రాఘవాచారి తన చిన్న కాటాలోంచి
బటన్ సెల్లు తీసిచ్చాడు, రేపు తిరిగివ్వాలని ఒట్టు పెట్టించుకుని.
గురివింజెత్తు బంగారం తూచే సెల్లు
నలభై టన్నుల కాటాకి తేదీ చెప్పింది.

డిస్కు మొత్తం తుడిచేయనా? అనడిగింది తెర.
"ఉండుండు, స్లిప్పులుంటాయి దాంట్లో."
వెతికి తెరిచాను. లారీ నంబరు, మొత్తం బరువు,
ఖాళీ బరువు, సరుకు.
అక్క వేలు ఒక వరస దగ్గర ఆగింది.
"నేను కొట్టిన మొదటి స్లిప్పు.
ఖాళీ బరువు తియ్యడం మర్చిపోయి
రాయితో పాటు లారీని కూడా అమ్మేశాను.
నాలుగొందలు కోశారు జీతంలో.
మిగతాయి ఏమైనా కానీ, ఇది ఉంచు."
అన్నీ ఉంచాను,
పొద్దున ఎవరో అన్నట్టు చూసిన ఆ పెన్‌డ్రైవులోనే.

నీదే ఊరు అనడిగింది తర్వాత.
పటంలో చీమకుర్తి లేదు, ఒంగోలు లేదు.
కలకత్తా ఒక్కటే ఉంది. ఒప్పుకున్నాను.

రాత్రి తొమ్మిదికి లినక్స్ లేచి కూర్చుంది.
తొమ్మిదీ పదికి తెలిసింది,
కాటా సాఫ్ట్‌వేరు దీని మీద నడవదని.
అక్క ఏమీ అనలేదు. కార్బన్ కాగితాల పుస్తకం తీసి
చేత్తో రాసి లారీల్ని పంపింది.
ఓడ సంగతి మాలకొండయ్యకే తెలియాలి.

నేను కదల్లేదు.
కాటా నుంచి వచ్చే వైరు వెనకాల గుచ్చి
నల్లతెర మీద ఒక్క ఆజ్ఞ కొట్టాను.
సున్నాలు రాలడం మొదలయ్యాయి,
వరస కింద వరస,
ఖాళీ ప్లాట్‌ఫాం ఊపిరి తీస్తున్నట్టు.

అంతలో ఎవరిదో కుక్క
కాటా మీదుగా రోడ్డు దాటింది.
ఇరవై.

"స్లిప్పు కొట్టు దానికి" అంది వెంగమాంబక్క,
చెప్పులు వేసుకుంటూ.